కబుర్ల గుంపు

రెండు గుంపులకీ మార్కులు సమానంగా వచ్చాయి. పరీక్షలమ్మ కళ్ళజోడు తీసి, చున్నీ అంచుతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది. కంప్యూటర్ తెర మీద రెండు గీతలూ తోడుదొంగల్లా ఒకదాన్నొకటి రాసుకుంటూ పైకి పోతున్నాయి. ఒకటి పైకి పోవాలి, రెండోది ఉన్నచోటే ఉండాలి. ఆ రెండోదానికి ఇంత ఉబలాటం దేనికో ఆమెకి అంతుబట్టలేదు.

పరీక్షలమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు లెండి. ఆమె మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. పెద్దవాళ్ళు పగటిపూట కాలక్షేపానికి వచ్చే కేంద్రానికి చంకలో కాగితాల కట్టతో వెళ్ళడం, మాటలు చదివి వినిపించడం, కాసేపాగి గుర్తున్నవి రాయమనడం ఆమె పని. పళ్ళూడిపోయిన వయసులో మళ్ళీ బడికెళ్ళినట్టుందని ఆ ముసలాళ్ళు నవ్వుకుని ఆ పేరు తగిలించారు. అది నలుగురి నోళ్ళలోనూ నాని, చివరికి ఇంట్లో సొంత అక్క కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది.

ఆమె నేర్పే కిటుకు చిన్నదే. ఎవరైనా వరసగా కొన్ని మాటలు చెబితే, వాటిని మనసులో మీ ఇంట్లోనే ఒక్కోచోట పెట్టుకోండి. గుమ్మంలో గొడుగు, కుర్చీలో చేప, స్టవ్ మీద బూటు. ఎంత వింతగా ఉంటే అంత మంచిది. తర్వాత కళ్ళు మూసుకుని ఇల్లంతా ఒకసారి తిరిగి ఒక్కోటీ ఏరుకు రండి. మాత్రల పేర్లకీ, చేయాల్సిన పనులకీ, ఎదురింటివాళ్ళ పిల్లల పేర్లకీ కూడా పనికొస్తుంది. పుస్తకాల్లో దీనికేదో బరువైన పేరుంది గానీ, కేంద్రంలో అందరూ "ఇల్లు తిరగడం" అనేశారు.

ఇది నిజంగా పనిచేస్తోందా అని తేల్చడానికి, చీటీలు తీసి, కేంద్రంలోని వాళ్ళని రెండుగా విడగొట్టారు. ఒక గుంపుకి ఇల్లు తిరగడం నేర్పి, బయట ఎవరికీ చెప్పొద్దన్నారు. రెండో గుంపుకి ఏమీ నేర్పలేదు. అంతసేపూ పక్క గదిలో కూర్చోబెట్టి, ఊరికే కబుర్లు చెప్పుకోమన్నారు. నలుగురితో కలిసి కూర్చున్నంత మాత్రానే బుర్ర చురుకైందేమో అన్న అనుమానానికి తావులేకుండా అన్నమాట. నేర్పిన గుంపు పైకి వెళ్ళి, కబుర్ల గుంపు అక్కడే ఉంటే కిటుకు గెలిచినట్టు. రెండూ కలిసి పైకి వెళ్తే పరీక్షలు రాసి రాసి చెయ్యి తిరిగిందే తప్ప, నేర్పినందువల్ల ఒరిగిందేమీ లేనట్టు.

"బాగా చూశావా?" అంది ప్రొఫెసర్ మేడమ్. ఆవిడ పచ్చ కాగితాల్లో ఏదో దిద్దుతోంది, తలెత్తలేదు.

"చూశాను మేడమ్. ఎటు చూసినా అంతే."

"అయితే ఏముంది? పనిచెయ్యలేదు. అదీ ఒక ఫలితమే. ఉన్నదున్నట్టు రాసెయ్. వచ్చే సోమవారం పరిశోధనల కమిటీ ముందు పెడదాం."

"కమిటీ ఏం చేస్తుంది మేడమ్?"

ఇప్పుడు ఆవిడ తలెత్తింది. కోపంగా కాదు, అదే పరీక్షలమ్మకి ఇంకా బాధనిపించింది. "ఆపేస్తుంది. మన ప్రయోగానికి ఇచ్చిన గది ఖాళీ చేయిస్తుంది. నువ్వు ఇంకో విషయం వెతుక్కోవాలి. ఇంకో గైడుని కూడా చూసుకోవాలేమో, నాకు వేరే డబ్బు లేదు."

పరీక్షలమ్మ తన కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంది. ఇన్నాళ్ళ కష్టమూ బూడిదలో పోసిన పన్నీరేనా? అయినా సరే, కేంద్రంలో ఉన్న తన గడియారమూ, పలకలూ తెచ్చుకోవాలి కదా. ఏడుపు మింగుకుని బయల్దేరింది.

ఆమె వెళ్ళేసరికి టీ వేళయింది. పొడుగాటి బల్ల చుట్టూ అందరూ చేరారు. మధ్యలో పెద్దకోడలూ చిన్నకోడలూ పక్కపక్కనే కూర్చుని ఒకే పళ్ళెంలోంచి బిస్కెట్లు తీసుకుంటున్నారు. ఇద్దరూ తోడికోడళ్ళు. వాళ్ళ అత్తగారు పోయి ఎంతకాలమైందో వాళ్ళకే గుర్తులేదు గానీ, డెబ్భై దాటినా కేంద్రంలో అందరికీ వాళ్ళింకా పెద్దకోడలూ చిన్నకోడలే. చీటీల్లో పెద్దావిడకి నేర్పే గుంపు వచ్చింది, చిన్నావిడకి కబుర్ల గుంపు.

"రా అమ్మాయ్, మొహం అలా వాడిపోయిందేం? ఎవరేమన్నారు?" అంది పెద్దకోడలు.

"ఏం లేదు పెద్దమ్మగారూ, ఎండ" అని, పరీక్షలమ్మ చిన్నకోడలి పక్కన కూలబడింది. ఏదో ఒకటి మాట్లాడాలని, "మొన్న పరీక్షలో మీకు చాలా మాటలు గుర్తొచ్చాయి పిన్నిగారూ. బాగా రాశారు" అంది.

చిన్నకోడలు చిన్నపిల్లలా సంబరపడింది. "అన్నీ ఇప్పటికీ ఉన్నాయి, చెప్పనా?" అని, ఎవరూ అడక్కుండానే కళ్ళు మూసుకుంది. కుడిచెయ్యి కొంచెం పైకి లేచి గొళ్ళెం తీసినట్టు కదిలింది. "గుమ్మంలో నిచ్చెన. వసారా బల్ల మీద నక్క. మెట్ల కింద కుట్టుమిషను, దాని మీద గంట..." బల్ల కింద ఆవిడ పాదం లేచింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు. "మేడ మీద ట్రంకుపెట్టెలో సబ్బు..."

పరీక్షలమ్మ చేతిలో టీ కప్పు అలాగే ఆగిపోయింది. లిఫ్టు చెడిపోయినరోజు ఈవిణ్ణి చెయ్యి పట్టుకుని నాలుగో అంతస్తుదాకా ఎక్కించింది తనే. రెండు గదుల ఫ్లాటు. వసారా లేదు, మేడ లేదు, ఇంట్లో మెట్లన్న మాటే లేదు.

"పిన్నిగారూ, మీ ఇంట్లో మెట్ల కింద కుట్టుమిషను ఎక్కడిది?"

చిన్నకోడలు కళ్ళు తెరిచి తెల్లమొహం వేసింది. పెద్దకోడలి చేతిలో బిస్కెట్టు జారి టీలో మునిగింది. బల్ల చుట్టూ ఉన్నట్టుండి అందరికీ చక్కెర కలుపుకోవాలనిపించింది, చెంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అది... అక్కయ్య ఇల్లు" అని నీళ్ళు నమిలింది చిన్నకోడలు. "మా ఫ్లాటులో ఏముందమ్మా, రెండు గదులు. అన్ని మాటలు ఎక్కడ పెట్టను? ఊపిరాడదు. అక్కయ్య ఇల్లయితే కావలసినంత చోటు."

"ఇల్లు తిరగడం మీకెవరు చెప్పారు?"

ఎవరు చెబుతారు? పెద్దకోడలి నోట్లో నువ్వుగింజ నానదని కేంద్రంలో గోడలకి కూడా తెలుసు, ఒక్క యూనివర్సిటీవాళ్ళకే తెలియలేదు. అయినా ఆవిడ తల దించుకోలేదు సరికదా, ఒంటికాలి మీద లేచింది.

"నేనే చెప్పాను! ఏం? ఇది పాలు స్టవ్ మీద పెట్టి మర్చిపోతోంది, గిన్నె మాడి ఇల్లంతా పొగ. కొడుకు అరుస్తుంటే ఇది గదిలో కూర్చుని ఏడుస్తోంది. నేను మాత్రం కిటుకు నేర్చుకుని, నాకు చీటీ వచ్చింది, దీనికి రాలేదు అని నోరు కుట్టుకు కూర్చోవాలా? ఇదేం న్యాయం అమ్మాయ్? చీటీ రానివాళ్ళకి మతిమరుపు ఉండొచ్చా?"

ఆ ధైర్యం చూసి మిగతావాళ్ళకీ నోరు పెగిలింది. రిటైరైన రైలు గార్డుగారు తన పేకాట జోడీకి నేర్పానని ఒప్పుకున్నారు. ఇంకొకావిడ బస్సులో పక్క సీటావిడకి. వీళ్ళని కబుర్లు చెప్పుకోమన్నారు కదా, మరి వేరే ఏం చెప్పుకుంటారు? పక్క గదిలో ఏం నేర్పారన్నదే కబురు.

పరీక్షలమ్మకి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ రెండూ కలిసి వచ్చినప్పుడు పెద్దకోడలు కంగారుపడి మంచినీళ్ళు ఇచ్చింది. కిటుకు పనిచెయ్యకపోవడమేమిటి! గోడ దూకి అవతలి గదిలోకి పోయేంతగా పనిచేసింది. 

పరుగున వచ్చి చెబితే ప్రొఫెసర్ మేడమ్ సంతోషించలేదు.

"ఫలితం నచ్చకపోతే ప్రయోగం డిజైన్ని తిట్టడం మీ అందరికీ అలవాటైపోయింది. నలుగురు చెప్పుకున్నారు, సరే. మార్కులు పెరిగింది దానివల్లో, పరీక్ష రెండోసారి రాసినందువల్లో నీకెలా తెలుసు? కమిటీవాళ్ళు సాకంటారు. నేనైనా అంటాను."

ఆ మాటలో న్యాయముంది. అదే వచ్చిన చిక్కు.

"ఇంకో రకంగా చేసి చూపిస్తాను మేడమ్. రైలు పట్టాలకి అవతల ఇంకో కేంద్రముంది. వాళ్ళకీ వీళ్ళకీ రాకపోకల్లేవు. అక్కడ గుంపులు చెయ్యను, అందరూ ఒకటే. అందరికీ నేర్పి, ముందెలా రాశారో తర్వాతెలా రాశారో చూస్తాను."

"అది ఇంకా దండగ. ఒకే మనుషుల్ని ముందూ తర్వాతా చూస్తే ఎవరికైనా పెరుగుతుంది. రెండు గుంపులు పెట్టేదే ఆ గోల లేకుండా."

"అందుకే నేర్పకముందే రెండుసార్లు రాయిస్తాను. మంగళవారం ఒకసారి, గురువారం ఒకసారి. మధ్యలో ఏమీ నేర్పను. ఉత్త అలవాటు వల్లే పెరిగేదైతే గురువారానికే పెరగాలి కదా? గురువారం పరీక్షయ్యాక నేర్పుతాను. శనివారం మళ్ళీ రాయిస్తాను."

ప్రొఫెసర్ మేడమ్ కలం కింద పెట్టింది. "శనివారం మాటలే తేలికవైతే?"

"మూడు రకాల మాటల జాబితాలు చేసి అటూ ఇటూ మారుస్తాను. ఒకరికి మంగళవారం వచ్చినది ఇంకొకరికి శనివారం వస్తుంది."

"గురువారానికే పెరిగితే?"

"నేను తప్పని ఒప్పుకుని, మీరు చెప్పిన రిపోర్టు నా చేత్తోనే రాస్తాను."

ఆవిడ కలం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "దిద్దేది నువ్వు కాదు, నేను. ఏ కాగితం ఏ రోజుదో నాకు కనబడకూడదు. వెళ్ళు, కేంద్రంవాళ్ళకి నేను ఫోన్ చేస్తాను."

పట్టాలకి అవతలి కేంద్రం ఒకప్పుడు గోదాము. కిటికీలు ఎత్తులో ఉన్నాయి, ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలు ఎగురుతున్నాయి. మంగళవారం పరీక్షలమ్మ ఒక్కొక్కరి కాగితం మీదా గ్లాసో, కళ్ళజోడు డబ్బానో పెట్టి, నిదానంగా, ఎవరి జాబితా వాళ్ళకి విడివిడిగా చదివి వినిపించింది. పక్కవాళ్ళ కాగితంలోకి తొంగిచూసేవాళ్ళని "తాతగారూ" అని ముద్దుగా కసిరింది. అందరూ మనసు పెట్టి రాశారు. కొందరు పెన్సిలు కొరికారు. ఒకావిడ కొన్ని మాటలు రాసి, ఇంకేం గుర్తురాక, "క్షమించాలి" అని కింద రాసి ఇచ్చింది. కాగితం మూలన రోజు రాసి, ఆ మూల మడతపెట్టి, పిన్ను కొట్టేసింది పరీక్షలమ్మ.

బుధవారం సాయంత్రం ఇంట్లో అక్క లంగా అంచు కుడుతోంది. దారం కొరుకుతూ, "ఏమే పరీక్షలమ్మా, అన్నం ముందు పెట్టుకుని ఎటు చూస్తున్నావ్?" అంది.

"రేపు వాళ్ళకి ఎక్కువ గుర్తురాకూడదే అక్కా. నిన్నటికంటే ఒక్క మాట కూడా ఎక్కువ రాయకూడదు."

"పెద్దవాళ్ళు మర్చిపోవాలని కోరుకుంటున్నావా? నీ చదువు తగలెయ్య!"

"రేపొక్కరోజే. ఎల్లుండి నుంచి అందరూ బాగుండాలి."

"ఎల్లుండి వాళ్ళ సంగతి తర్వాత, నువ్వు ముందు తిను" అని అక్క కంచం ఇంకాస్త దగ్గరికి జరిపింది.

గురువారం, టోపీ తాతగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. టోపీ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు ఆ కేంద్రంలో లేరు. "ఇవాళ చూసుకో అమ్మాయ్ నా తడాఖా! రాత్రంతా బుర్రకి పదును పెట్టాను" అన్నారు. ఆయన రాస్తూంటే పెన్సిలు ఆగడం లేదు. మిగతావాళ్ళు పైకప్పు వంక చూస్తుంటే ఈయన పేజీ నింపి, తిప్పి వెనకవైపు కూడా మొదలుపెట్టారు. అయిపోయింది, అనుకుంది పరీక్షలమ్మ. ఈ ఒక్క తాతగారు చాలు నా కొంప ముంచడానికి.

కాగితం ఇస్తూ ఆయన కన్ను గీటారు. దిద్దకూడదు, లెక్కపెట్టకూడదు, కానీ కళ్ళు మూసుకుని కాగితం అందుకోవడం ఎవరివల్ల అవుతుంది? అందులో ఎక్కువ మంగళవారం మాటలే, ఇవాళ లెక్కకి రానివి. గురువారం మాటలు కొన్నున్నాయి. మధ్యలో, ఎవరూ ఎప్పుడూ చదవని "మామగారి సైకిల్" కూడా ఉంది. ఆ టోపీ తీసి నెత్తిన ముద్దు పెట్టుకోవాలనిపించింది ఆమెకి.

మూలలన్నీ మడిచి పిన్నులు కొట్టాక, కుర్చీలు గుండ్రంగా వేయించి, అప్పుడు నేర్పింది. "మీ ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్ళండి. తొందరేం లేదు. తలుపు ఏ రంగు?" ఒక్కొక్కరే కళ్ళు మూసుకున్నారు. చేతులు గాల్లో గొళ్ళేలు తీశాయి, తాళాలు తిప్పాయి. మంగళవారం "క్షమించాలి" అని రాసిన ఆవిడ వంగి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. తొలిసారి తిరిగొచ్చి కళ్ళు తెరిచినప్పుడు ఆవిడ, "అన్నీ ఉన్నాయమ్మా, పెట్టినవి పెట్టినచోటే ఉన్నాయి" అని చెప్పి పమిటతో కళ్ళొత్తుకుంది.

ఈసారి ఎవరికీ చెప్పొద్దని పరీక్షలమ్మ ఎవరికీ చెప్పలేదు. ఆ గదిలో తెలియనివాళ్ళంటూ లేరు మరి.

శనివారం పరీక్షకి ఆమె చదువుతుంటే పెన్సిళ్ళు ఎవరూ కొరకలేదు. 

ఆదివారం పొద్దున్న డిపార్ట్‌మెంటులో ఎవరూ లేరు. ప్రొఫెసర్ మేడమ్ అద్దాలు ముక్కుమీదికి జార్చుకుని, మూడు రోజుల కాగితాలూ కలిపేసిన కట్టని ముందు పెట్టుకుంది. ఎదుటి కుర్చీలో పరీక్షలమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ఒక్కో కాగితం తీసి, జాబితాతో సరిచూసి, ఎర్ర కలంతో టిక్కులు పెట్టి, మార్కు వేసి పక్కన పెడుతోంది. మాట్లాడదు, మొహంలో ఏమీ కనబడనివ్వదు. పేక ముక్కలు పట్టుకుంటే ఈవిణ్ణి గెలిచేవాళ్ళుండరు.

కానీ కొంతసేపటికి ఆవిడ చేతులు వాటంతటవే రెండు దొంతరలు చెయ్యడం మొదలుపెట్టాయి. ఎడమవైపు టిక్కులు పలచగా ఉన్నవి. కుడివైపు పేజీ నిండా ఎర్రగా ఉన్నవి. మధ్యరకం కాగితం దాదాపు లేదు. కట్ట పూర్తయ్యాక ఆవిడ కుడి దొంతరని ముందుకి తోసింది.

"ఇవి ఏ రోజువి?"

పరీక్షలమ్మ గోటితో పిన్ను లాగి మడత విప్పింది. శనివారం. ఇంకోటి, శనివారం. ఇంకోటి. తొందరలో పిన్ను గుచ్చుకుంది, చూసుకోలేదు. శనివారం, శనివారం. ఎడమ దొంతరలో మంగళవారాలూ గురువారాలూ ఎక్కడ ఏదో తేడా తెలియకుండా కలిసిపోయి ఉన్నాయి. రెండోసారి రాసినందువల్ల వాళ్ళకి పైసా లాభం లేదు.

ప్రొఫెసర్ మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత ముందుకి వంగి, పాత గ్రాఫు తీయమంది. రెండు గీతలూ పక్కపక్కనే. ఒక్కోదాని మీదా వేలు పెట్టింది.

"మనం దీన్ని తిరగేసి చదివాం" అంది నెమ్మదిగా. "నువ్వు నేర్పినవాళ్ళ గీత ఇది. ఆ పెద్దావిడా వాళ్ళూ టీ తాగుతూ నేర్పినవాళ్ళ గీత ఇది. తేడా ఉందా?"

"లేదు మేడమ్."

"అంటే?"

పరీక్షలమ్మకి అప్పుడు వెలిగింది. తను ఇంత చదువు చదివి, గడియారం పెట్టుకుని నేర్పింది. వాళ్ళు బిస్కెట్టు ముంచుకుంటూ నేర్పారు. మార్కులు సమానం.

"కబుర్ల గుంపుని కబుర్లు చెప్పుకోమని నేనే అన్నాను" అని ప్రొఫెసర్ మేడమ్ నవ్వింది. ఆవిడ నవ్వగా పరీక్షలమ్మ అదే మొదటిసారి చూడటం. "నిన్ను సాకులు చెప్పే మనిషన్నాను. ఆ మాట తప్పు. రేపు కమిటీ ముందు నువ్వే మాట్లాడు."

కమిటీ గదిలో నున్నటి బల్ల, చల్లటి గాలి, మంచినీళ్ళ సీసాలు. పరీక్షలమ్మ జంకకుండా రెండు డిజైన్లనీ పక్కపక్కన పెట్టి చెప్పింది. ఒకే కప్పు కింద కూర్చునేవాళ్ళని రెండుగా చీల్చి, ఒకరికి చెప్పి ఒకరికి దాచడం మొదటిది. అది మాత్రలకి పనికొస్తుంది, మాటలకి పనికిరాదు. మాట ఒకచోట ఆగదు. కేంద్రాన్ని కేంద్రంగా తీసుకుని, అందరికీ నేర్పి, నేర్పకముందు రెండుసార్లు చూసుకోవడం రెండోది. ఇకముందు అన్ని కేంద్రాలకీ వంతులవారీగా వెళ్తాం. ముందెవరు, వెనకెవరు అన్నదానికి చీటీ తీస్తాం. వంతు ఇంకా రానివాళ్ళే నేర్చుకున్నవాళ్ళకి పోలిక. వంతు మాత్రం అందరికీ వస్తుంది, ఎవరినీ వదిలెయ్యం.

చైర్మన్‌గారు గడ్డం గోక్కున్నారు. "బాగానే ఉందమ్మా. కానీ మళ్ళీ ఒకరికొకరు చెప్పేసుకుంటే? దాన్ని ఎలా ఆపుతారు?"

"ఆపం సార్" అంది పరీక్షలమ్మ.

"ఆపరా?"

"కేంద్రం లోపల ఎంత చెప్పుకుంటే అంత మంచిది. నేను ఒకచోట ఎన్నాళ్ళని ఉంటాను? వాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నాలాగే నేర్పగలరని ఈ రెండు గీతలూ చెబుతున్నాయి. మనం అసలు కొలవాల్సింది అదే సార్. ఒకరికి చెబితే ఎంతమందికి చేరుతుందో."

చైర్మన్‌గారు ప్రొఫెసర్ మేడమ్ వంక చూశారు. ఆవిడ తల ఊపింది. ఆయన పక్కవాళ్ళతో గుసగుసలాడి, "గది ఉంటుంది. అన్ని కేంద్రాలకీ ఈ అమ్మాయే పెద్ద" అన్నారు.

ఏనుగెక్కినంత సంబరంతో పరీక్షలమ్మ మెట్లు రెండేసి చొప్పున దిగింది. బస్సు ఎక్కకుండా కేంద్రందాకా నడిచేసింది. ఆమెని చూడగానే పెద్దకోడలు లేచి నిలబడింది. ఈ వారమంతా ఆవిడకి నిద్ర లేదని మొహమే చెబుతోంది.

"మా నోటి దురద వల్ల నీ చదువు పాడైందా తల్లీ? నిజం చెప్పు."

"మీ నోటి దురదే నా చదువుని నిలబెట్టింది పెద్దమ్మగారూ! ఇకమీదట కబుర్ల గుంపు లేదు, నేర్పే గుంపు లేదు. మీరందరూ నేర్చుకునేవాళ్ళే, మీరందరూ నేర్పేవాళ్ళే. ఈ కేంద్రంలో ఎవరికి కావాలంటే వాళ్ళకి, ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా చెప్పుకోవచ్చు."

గార్డుగారు బల్ల మీద దరువేశారు. పేకాట జోడీ ఈల వేశాడు, పళ్ళు లేకపోవడంతో అది గాలిగానే పోయింది. పెద్దకోడలు మాత్రం కుర్చీలో కూర్చుని, గాజులు సర్దుకుని, తోడికోడలి వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, ఒక మాట. నిన్న ఫోన్లో మా వియ్యపురాలికి కూడా చెప్పేశాను."

మాట ఇంకో కేంద్రానికి పాకిందేమోనని పరీక్షలమ్మ ఉలిక్కిపడింది. "ఆవిడ ఏ కేంద్రానికి వెళ్తుంది?"

"ఎక్కడికీ వెళ్ళదు. మంచం మీదే ఉంటుంది, మోకాళ్ళు పనిచెయ్యవు. గది దాటి ఎన్నేళ్ళయిందో" అంది పెద్దకోడలు. "పొద్దున్నే ఫోన్ చేసింది. రాత్రి ఇల్లంతా తిరిగొచ్చిందట. వదినా, మేడ కూడా ఎక్కానే అని ఒకటే మురిసిపోతోంది."